జేన్ ఆస్టెన్: కథ వెనుకటి సంసారము

ఫ్రాన్సులో రాచఱికము కూలి, నెపోలియను సేనలు యూరపు ఖండమును ఈ కొననుండి ఆ కొనకు త్రొక్కివైచుచున్న రోజులలో, ఇంగ్లండులోని హాంప్‌షైర్ మండలమున ఒక పల్లెటూరి పాదిరిగారి కుమార్తె ఆఱు నవలలు వ్రాసెను. వానిలో యుద్ధరంగము లేదు, రాజసభ లేదు, నిధినిక్షేపములు లేవు. ఇరుగుపొరుగులు ఒకరి యింటికొకరు పోవుట, విందులు, నృత్యములు, ఉత్తరములు, వానకు తడిసి జలుబు తెచ్చుకొనుట, పెండ్లిండ్లు కుదురుట, కుదిరినవి తప్పిపోవుట - ఇంతియే వాని యితివృత్తము. కళాశాలలో పాఠ్యగ్రంథముగా ఆస్టెన్ నవలను చదివిన మన విద్యార్థులలో “ఇందులో జరిగినదేమున్నది?” అని పెదవి విఱిచినవారు కొల్లలు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. కాని జరిగినది కనబడవలెనన్నచో, ఆమె తన కాలపు పాఠకులకు తెలిసినవే కదా యని చెప్పక విడిచిపెట్టిన సంగతులు మనకు తెలియవలెను. వేయి పౌనులకు ఏటికి వడ్డీ యెంత, ఉత్తరపు కూలి ఎవరిచ్చుకొనవలెను, గుఱ్ఱములు బండికి కట్టియున్నవా పొలములో నున్నవా, ఇంటిలో పొయ్యి యున్నది సరే, రొట్టెలు కాల్చు ఆవము ఉన్నదా లేదా అను నిట్టి చిల్లర సంగతులమీదనే ఆమె కథలు మలుపు తిరుగుచుండును. మనుష్యుల మంచిచెడ్డలను ఆమె తూచిన త్రాసు కూడ అదియే.

జేన్ ఆస్టెన్ 1775 డిసెంబరు 16వ తేదీన స్టీవెంటన్ గ్రామమున, ఎనమండుగురు సంతానములో ఏడవదిగా జన్మించెను. తండ్రి జార్జి ఆస్టెన్ ఆ యూరి చర్చికి గురువు. 1801లో ఆయన కొలువు కుమారునికప్పగించి బాత్ నగరమునకు కాపురము మార్చెను, 1805లో గతించెను. అటుపిమ్మట ఆయన భార్యయు, అవివాహితలైన ఇద్దఱు కుమార్తెలు కసాండ్రా, జేనులును, కుమారులు తలకొంత ఇచ్చిన ధనముతో అద్దెయిండ్లలోను బంధువుల యిండ్లలోను కాలము గడపవలసివచ్చెను. సంపన్నులైన బంధువులకు దత్తుడుగా పోయి భూస్వామియైన అన్నగారు ఎడ్వర్డ్, 1809లో చాటన్ గ్రామమున తన యెస్టేటులోని ఒక యింటిని వారికిచ్చిన తరువాతనే ఆమెకు మరల స్థిరమైన నీడ దొరకినది. ఆ యింటిలో ప్రాతఃకాలపు ఫలహారము సిద్ధపఱచుటయు, ఆనాడు ప్రియమైన సరకులైన తేయాకు పంచదారల నిల్వను కనిపెట్టుకొనియుండుటయు ఆమె వంతు. తక్కిన వేళలలో కిటికీ ప్రక్కనున్న చిన్న బల్లపై చిన్న కాగితములమీద వ్రాసికొనెడిదట. 1811లో అచ్చయిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మొదటి ముద్రణమున ఆమెకు మిగిలినది 140 పౌనులు. 1813లో వెలువడిన ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ హక్కులను 150 కావలెనని కోరి 110 పౌనులకు విక్రయించెను. పుస్తకములపై ఆమె పేరు లేదు. మొదటిదానిపై ఒక స్త్రీ వ్రాసినదని మాత్రమే యుండెను. 1817 జూలై 18వ తేదీన, 41 ఏండ్ల వయస్సున, వించెస్టర్ నగరమున కన్నుమూసెను. ఒరులు దయతలచి యిచ్చిన యింటిలో, ప్రతి షిల్లింగును లెక్కించి వ్యయము చేసిన స్త్రీ గనుకనే ధనమును గూర్చి ఆమె కలమునకు సంకోచము లేదు.

ఆమె పాత్రలను మనకు పరిచయము చేయునపుడు రూపము కంటె ముందు ఆదాయము వచ్చును. ‘ప్రైడ్ అండ్ ప్రిజుడిస్’ నాయకుడు డార్సీకి ఏటికి 10,000 పౌనులు. నాయిక ఎలిజబెత్ తండ్రి బెనెట్‌గారికి 2,000. ఇది జీతము కాదు. భూములపై వచ్చు కౌలు గాని, ప్రభుత్వ ఋణపత్రములపై నూటికి నాలుగైదు చొప్పున వచ్చు వడ్డీ గాని అయియుండును. కావున ఒక కన్యకు వేయి పౌనులున్నవనగానే, ఆనాటి పాఠకుడు మనస్సులోనే గుణించి, ఏటికి నలుబది యేబది పౌనులు, పెండ్లి కానిచో ఈమె అద్దెగదిలో కాలక్షేపము చేయవలసినదే యని గ్రహించును. కాలిన్స్ అను పాదిరి, ఎలిజబెత్‌ను తన్ను వరింపుమని వేడుకొనుచునే, తల్లి మరణానంతరము ఆమెకు నూటికి నాలుగు వడ్డీ వచ్చు వేయి పౌనులకంటె నేమియు రాదని గుర్తుచేసి, ఆ మాటను పెండ్లియైన పిదప ఎన్నడును ఎత్తనని ఔదార్యము ప్రకటించును. మనము నవ్వుదుము. అతని లెక్కలో మాత్రము తప్పులేదు. ఆ హాస్యములోని చేదు అదియే. బెనెట్‌గారి ఎస్టేటు వంశపు మగవారికే చెందవలెనను కట్టడి క్రిందనున్నది. ఐదుగురు కుమార్తెలున్నను, తండ్రి కన్నుమూసిన మఱునాడు ఆ యిల్లు దూరపు దాయాదియైన ఆ కాలిన్స్‌దే యగును. దాయభాగపు తగవులు చూచిన మన పాఠకులకు బెనెట్‌గారి భార్య ఆందోళనమును వేఱుగ వివరింపనక్కఱలేదు. ఆమె అవివేకి యగుగాక. ఆమె భయము అవివేకము కాదు.

ఆస్టెన్ ఈ లెక్కలను కథగా నెట్లు మార్చునో తెలియుటకు ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండవ అధ్యాయము చాలును. సవతి తల్లిని, ముగ్గురు చెల్లెండ్రను సుఖముగ చూచుకొనెదనని జాన్ డాష్‌వుడ్ మరణశయ్యపైనున్న తండ్రికి మాట యిచ్చెను. తలకొక వేయి చొప్పున మూడువేల పౌనులీయవలెనని మొదట సంకల్పించెను. భార్య ఫానీ ఎదురాడలేదు. మన పిల్లవానికి అన్యాయమగును గదా యని మాత్రమే విచారించెను. మూడువేలు పదునైదు వందలాయెను. అదియు అధికమని తోచి, తల్లికి బ్రదికినంతకాలము ఏటికి నూఱు పౌనులిచ్చిన బాగుగ నుండునేమో యని ఆతడనగా, భరణము లభించినవారు చావనే చావరని తన తల్లి అనుభవమును ఆమె ఉదాహరించెను. నూఱు పోయి, అప్పుడప్పుడు ఏబది పౌనుల కానుక మిగిలెను. తుదకు, మామగారి అభిప్రాయము ధనమీయుమని కానేకాదు, చిన్న యిల్లొకటి చూచి పెట్టి, సామాను తరలించుటకు సాయపడి, ఋతువును బట్టి చేపలో వేటమాంసమో పంపుచుండిన చాలునని భార్యయు, సరిగా నాకును అట్లే తోచినదని భర్తయు ఏకాభిప్రాయమునకు వచ్చిరి. అంతటితో ఆగక, వారు తీసికొనిపోవుచున్న పింగాణీ ఫలహారపు పాత్రలు మనవానికంటె అందమైనవి కదా యని ఫానీ అసూయపడును. అధ్యాయమంతయు ఒక దంపతుల సంభాషణమే. ఎవరును కేకలు వేయరు, దుర్భాషలాడరు. ఒక కుటుంబము నిరాశ్రయమైపోవును. రచయిత్రి ఒక్కచోటను లోభమును నిందింపలేదు. అంకెలను దించుకొనుచు పోయినది.

ఆస్తిలేని మర్యాదస్థుల కుమారులకు నాడు చర్చి, సైన్యము, నౌకాదళము, న్యాయవాదము తప్ప వేఱు దారులు లేవు. చర్చి గురుపదవి యనగా ఇల్లును, భూమియు, ఊరి పంటలో దశమభాగమును గల యొక మాన్యము. దానిని ఇచ్చు హక్కు అనేక గ్రామములలో భూస్వామిది, ఆ హక్కు విక్రయింపదగిన సొత్తు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో కర్నల్ బ్రాండన్ అట్టి మాన్యమును నిర్ధనుడైన ఎడ్వర్డ్ ఫెరార్స్‌కు ఊరక యిచ్చెనని విని, దానికి 1,400 పౌనులైనను వచ్చియుండునే యని జాన్ డాష్‌వుడ్ నోరు తెఱచును. నౌకాదళమున శత్రునౌకలను పట్టుకొన్నవారికి వాని వెలలో వాటా లభించెడిది. ‘పర్సుయేషన్’ కథలో, దరిద్రుడని ఎనిమిదేండ్ల క్రిందట నిరాకరింపబడిన వెంట్‌వర్త్ 25,000 పౌనులతో తిరిగి వచ్చుటకు అదియే మార్గము. ఆస్టెన్ సోదరులు ఫ్రాన్సిస్, చార్లెసులు ఇద్దఱును నౌకాధికారులే. యుద్ధము ఆస్టెన్ నవలలలో లేదను మాట పూర్తిగ నిజము కాదు. అది అల్లుని ఆస్తిగా ఇల్లు చేరినది.

ఇక దూరము. గుఱ్ఱములను పోషించి బండి నిలుపుకొనుట గొప్ప వ్యయముతో కూడిన పని. ఆ బండిపై పన్ను కూడ ఉండెడిది. బెనెట్‌గారికి బండియున్నను గుఱ్ఱములకు పొలము పనియు తప్పదు. ఈ చిన్న సంగతిని పట్టుకొని, పెండ్లికాని ధనికుడు బింగ్లీగారింటి విందుకు పెద్దకుమార్తెను తల్లి గుఱ్ఱముపై పంపినది. మబ్బు పట్టినది, వాన వచ్చును, పిల్ల రాత్రికి అక్కడనే యుండిపోవును. వాన వచ్చెను, జ్వరము వచ్చెను, చెల్లెలు ఎలిజబెత్ మూడుమైళ్ళు బురదలో నడచి వచ్చెను. ఆ బురదయంటిన లోపావడా అంచు అచ్చటి స్త్రీలకు అనాగరికతగా కనబడెను, డార్సీకి మాత్రము నడకవలన వెలిగిన ఆమె కన్నులు కనబడెను. వీథిదీపములులేని పల్లెదారులలో రాత్రి విందులను సాధారణముగ వెన్నెలనాళ్ళలోనే పెట్టుకొనెడివారు. అందుకే సర్ జాన్ మిడిల్‌టన్, డాష్‌వుడ్ స్త్రీలను తన యింటికి పిలిచి, వెన్నెల రోజులు గనుక అందఱును వేఱువేఱు విందులకు ఒప్పుకొనియున్నారు, ఎక్కువమందిని కూర్పలేకపోతినని నొచ్చుకొనును.

ఉత్తరపు కూలిని నాడు పంపినవారు కాక, సాధారణముగ అందుకొన్నవారు చెల్లించెడివారు. దూరమును బట్టియు కాగితముల సంఖ్యను బట్టియు కూలి పెరిగెడిది. కవరు సైతము మఱియొక కాగితమే గనుక, వ్రాసిన కాగితమునే మడిచి లక్కముద్ర వేసెడివారు. చోటు చాలనప్పుడు కాగితమును త్రిప్పి, వ్రాసిన పంక్తులమీదనే అడ్డముగ మరల వ్రాసెడివారు. ‘ఎమ్మా’ నవలలో జేన్ ఫేర్‌ఫాక్స్ ఉత్తరములు ఆ తీరువే. ఆ గళ్ళలో అక్షరములను పోల్చుకొనుట నీకు కష్టమే యని ముసలితల్లి తనతో అనుచుండునని జేన్ పెద్దమ్మ మిస్ బేట్స్ చెప్పును. పార్లమెంటు సభ్యులు నాడు తమ సంతకముతో ఉత్తరములను ఉచితముగ పంపగలిగెడివారు. ఈ యేర్పాటును ఆస్టెన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఎంత మృదువుగ వాడుకొన్నదో చూడుడు. పేదయింటినుండి పెద్దమ్మగారింటికి తేబడిన పదేండ్ల ఫానీ అను పిల్ల మెట్లపై కూర్చుండి యేడ్చుచుండగా, ఆ యింటి చిన్నకుమారుడు ఎడ్మండ్ కారణమడిగెను. అన్న విలియమునకు ఉత్తరము వ్రాయవలెను, కాగితము లేదు. ఆతడు కాగితము తెచ్చి, గీతలు గీచి, కలము చెక్కి యిచ్చెను; తండ్రిగారి సంతకముతో పోవును, మీ యన్నకు కూలి పడదని ధైర్యము చెప్పెను; ముద్రక్రింద అరగినీ నాణెమొకటి ఉంచెను. ఫానీ హృదయము ఆతనిదైనది ఆ దినముననే. దేశమంతటికి ఒకే కూలియను పద్ధతి వచ్చినది 1840లో; అంతకుముందటి పాఠకునికి ఆ సంతకపు విలువ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేకుండెను.

ఇక వారి మాటతీరు. ఇంటి పెద్దకుమార్తెను వంశనామముతో ‘మిస్ బెనెట్’ అనుట, తరువాతివారిని ‘మిస్ ఎలిజబెత్’ అనుట ఆనాటి మర్యాద. పెద్దది పెండ్లియై పోయినచో ఆ బిరుదము తరువాతిదానికి సంక్రమించును. ఎమ్మా తాను పెండ్లాడబోవు పురుషుని, నిశ్చయమైన పిదప సైతము ‘మిస్టర్ నైట్‌లీ’ యనియే పిలుచును. అట్టి యూరికి క్రొత్తగా కాపురమునకు వచ్చిన పాదిరి ఎల్టన్ భార్య, మామగారిని ‘గారు’ లేక పేరుపెట్టి పిలిచిన క్రొత్తకోడలివలె, పరిచయమైన వెంటనే ‘నైట్‌లీ’ యని యనగా ఎమ్మాకు ఒడలు మండినది. ఎల్టన్ భార్య స్వభావమును గూర్చి వేఱు వర్ణన అవసరము లేకపోయెను. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లోని లూసీ స్టీల్ ఉత్తరములలో వ్యాకరణదోషములు ఆమె చదువును బయటపెట్టును. కౌలు రైతు రాబర్ట్ మార్టిన్ వ్రాసిన ఉత్తరములో ఒక్క దోషమైనను లేకపోగా, అక్కచెల్లెండ్రెవరో దిద్దియుందురని ఎమ్మా సరిపెట్టుకొనును. అచట బయటపడినది రైతు అంతస్తు కాదు, ఎమ్మా అహంకారము. కథ చెప్పుచున్నది రచయిత్రియే. కాని వాక్యములో ఊహలు ఎమ్మావి. ఆ రెండు కంఠములను ఇంత నేర్పుగ పెనవేసినవారు ఆంగ్లమున ఆమెకు ముందు లేరనవచ్చును.

వావివరుసల విషయమున మాత్రము తెలుగు పాఠకుడు తన సంస్కారమును క్షణకాలము ప్రక్కకు పెట్టవలసియుండును. ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఫానీ తుదకు పెండ్లాడినది ఆ ఎడ్మండ్‌నే. మన లెక్కలో ఆతడు పెద్దమ్మకొడుకు, అన్నగారు. లేడీ కాథరిన్ తన కుమార్తెను తోబుట్టువు కొడుకైన డార్సీకే ఇయ్యవలెనని పట్టుపట్టును. మేనరికమునకును అక్కచెల్లెండ్ర బిడ్డల వివాహమునకును వారి శాస్త్రమున భేదము లేదు. ఫానీని తెచ్చుకొనునప్పుడు పెదతండ్రికి వచ్చిన శంకకు, అన్నాచెల్లెండ్రవలె పెరిగినవారికి అట్టి తలంపే రాదని పెద్దపెద్దమ్మ నోరిస్ ధైర్యము చెప్పును. కథ ఆమె మాటను తలక్రిందులు చేసినది.

ఈ సంసారములలో మన దేశపు జాడలును లేకపోలేదు. జేన్ మేనత్త ఫిలడెల్ఫియా, తల్లిదండ్రులులేని కన్య, 1752లో ఓడయెక్కి చెన్నపట్టణమునకు వచ్చి, మఱుసటి యేడు కడలూరు కోటలో వైద్యుడుగానున్న హాంకాక్‌ను వివాహమాడెను. కట్నము లేని ఆడుపిల్లలను కంపెనీ ఉద్యోగులకిచ్చి పెండ్లి చేయుటకై హిందూదేశము పంపుట నాటి వాడుక. చిన్ననాటి రచనయైన ‘కాథరిన్’ అను అసంపూర్ణ కథలో ఆస్టెన్ అట్టి పిల్ల దుఃఖమును వ్రాసినది. పెద్దయైన పిదప ఆ దూరదేశము ఆమె నవలలలో సరకులుగా మిగిలెను. ‘నార్తాంగర్ అబీ’లో హెన్రీ టిల్నీ తన చెల్లెలికి గజము ఐదు షిల్లింగుల వెలకు అసలైన హిందూదేశపు మస్లిను కొంటినని గొప్పగ చెప్పుకొనును. ఫానీ పెద్దమ్మ, సోమరియైన లేడీ బెర్ట్రం, విలియం తూర్పుదేశములకు పోవలెననుట తనకు శాలువ తెచ్చుటకే.

చెప్పిన దానికంటె చెప్పనిది ఎక్కువ కలదు. వండినవారు, బట్టలుతికినవారు, బురద పావడాను శుభ్రపఱచిన దాసి ఆమె పుటలలో చాలవఱకు నోరు మెదపరు. తనకు తెలియని లోకమును తాకరాదని ఆమె నియమము. నవల వ్రాయుచున్న మేనకోడలు ఆనాకు, నీ పాత్రలు ఐర్లండు పోయిన పోనిమ్ము, అచ్చటి ఆచారములు నీకు తెలియవు గనుక నీవు వెంట పోవలదని సలహా వ్రాసెను. పల్లెలోని మూడునాలుగు కుటుంబములు చాలునని కూడ ఆమెకే చెప్పెను. అది పరిమితియే. ఆ పరిమితిలో ఎంత లోతు కలదో ‘ఎమ్మా’లోని మిస్ బేట్స్ కథ తెలుపును.

మిస్ బేట్స్ గతించిన పాదిరిగారి కుమార్తె, అవివాహిత, ముసలితల్లితో అద్దెమేడ గదులలో నివసించును. ఆమె మాట వరదవలె పొరలును. ఒక వాక్యము ముగియకముందే మఱియొకటి మొదలగును. తొలిచదువున విసుగు పుట్టును. చెవియొగ్గి విన్నచో అందు ఆ యూరి సంసారమంతయు కలదు. ఎమ్మా పందిమాంసము వెనుకభాగమంతయు పంపినది. దానిని ఉప్పులో ఊరవేయుటకు చాలినంత తొట్టి ఇంటనున్నదా లేదా యని తల్లికి బెంగ. నైట్‌లీ ఆపిలుపండ్లు పంపెను. తమ యింట ఆవము లేదు గనుక రొట్టెలవాని భార్య వాలిస్ కాల్చి యిచ్చును. మూడుమార్లు కాల్చవలెనని ఎమ్మా తండ్రిగారు మాట తీసికొనిరి, ఆమె రెండేమార్లు కాల్చినది. ఇట్లు ఆమె పలుకులనుండి మనకు తెలియునదేమనగా, ఈ యింటి రేపటి భోజనము ఇరుగుపొరుగుల దయపై నున్నది. ఆ దయను ఆమె సిగ్గుపడక, సంతోషముతో, పేరుపేరున కృతజ్ఞతతో స్వీకరించుచున్నది.

ఇది తెలిసిన పిదపనే బాక్స్ హిల్ వనవిహారము మనకర్థమగును. ఒక చమత్కారమైన మాటగాని, మూడు చప్పని మాటలుగాని చెప్పవలెనని ఆట పెట్టగా, మూడు చప్పని మాటలు నాకు సులభమని మిస్ బేట్స్ నవ్వెను. మూడింటితో ఆగుట మీకు కష్టము కదా యని ఎమ్మా అందఱియెదుట అన్నది. ఒక్క పరిహాసము. నైట్‌లీ ఆమెను ప్రక్కకు పిలిచి మందలించినప్పుడు ఆధారము చేసికొన్నది నీతిసూత్రములను కాదు, లెక్కను: ఆమె నీతో సమానమైన ధనవంతురాలైనచో ఈ మాట క్షమింపవచ్చును, ఆమె పేదది, పుట్టినప్పటి సౌఖ్యమునుండి దిగజారినది, వృద్ధాప్యమున ఇంకను దిగజారవలసినది. ఎమ్మా మఱునాటి యుదయముననే ఆ యింటికి పోయినది. అటుపిమ్మట జబ్బుగానున్న ఆ యింటి పిల్ల జేన్ ఫేర్‌ఫాక్స్‌కు పాలగుండ పంపగా, అది వందనములతో తిరిగి వచ్చినది. మాంసము స్వీకరించిన యిల్లు పాలగుండను త్రిప్పి పంపుట ఎంత గొప్ప శిక్షయో, ఉప్పుతొట్టి సంగతి చదువక పుటలు దాటించిన పాఠకునికి తెలియదు. ఆస్టెన్ నవలలో ఏమియు జరుగదనువారు సాధారణముగ దాటించునవి ఆ పుటలే.